మన ఆరోగ్యం: తిప్పతీగ కషాయం, మా అత్తగారి కామెర్లు



మొన్న కార్తీక వనభోజనాలకు ముష్రిఫ్ పార్కులో కలిసినప్పుడు ఉసిరి చెట్టు దొరకక గాఫ్ చెట్టు కిందే విస్తళ్ళు పరుచుకున్నాము గదా. ఈ దేశంవారు గాఫ్ అనేది మన జమ్మి చెట్టునే గనుక పెద్దగా లోటేమీ జరగలేదు. ఆ రోజు గారెలు వడ్డిస్తూండగా కనీసం నలుగురు సోదరీమణులు మమ్మల్ని పక్కకు పిలిచి ఒకటే ప్రశ్న అడిగారు. “డాక్టరుగారూ, చలికాలం వస్తోంది, పిల్లలు ఊరికే జలుబు చేస్తున్నారు. ఒంట్లో ఇమ్యూనిటీ పెరగడానికి ఏ కషాయం మంచిదండీ?” అని.

అప్పటికి నవ్వి ఊరుకున్నాము. చేతిలో గారెల బేసిను ఉండడం ఒక కారణం. అసలు కారణం, దానికి జవాబు రెండు మాటల్లో చెప్పేది కాదు. సరిగా చెప్పాలంటే మా ఇంటి గుట్టు కొంత బయట పెట్టాలి. ఎవరి గుట్టో వారి అనుమతి తీసుకున్నాము గనుక ఈ నెల నిశ్చింతగా వ్రాస్తున్నాము.

2021 జనవరిలో మా అత్తగారు తెనాలి నుంచి షార్జాలో మా ఇంటికి వచ్చారు. ఆవిడకు అప్పుడు 61 ఏళ్ళు. పదేళ్ళుగా వేసుకుంటున్న థైరాయిడ్ మాత్ర ఒకటి తప్ప మరో మందు ఎరగరు. పెట్టెలో ఆవకాయ, కందిపొడి, మా వారికి ఇష్టమని అరిసెలు, వాటితోపాటు ఒక స్టీలు డబ్బాలో పొడి ఉన్నాయి. తిప్పతీగ పొడి. వేపచెట్టు మీద పాకిన తీగ కోయించి, ఎండబెట్టి, దంచి ఇచ్చారట తెలిసినవారెవరో. వేప మీద పాకినదానికే గుణం ఎక్కువని మన వైపు నమ్మకం.

అవి ఎలాంటి రోజులో మీకు గుర్తుండే ఉంటుంది. 2020 మార్చి 25న ఈ దేశంలో ప్రయాణీకుల విమానాలు ఆగిపోయిన నాటినుంచీ అందరమూ బిక్కుబిక్కుమంటూనే ఉన్నాము. భారత ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన సూచనలలో మొదట తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాల కషాయం, తర్వాత అక్టోబరులో తిప్పతీగ, అశ్వగంధ కనబడ్డాయి. ఇక ఫోన్లలో తిరిగిన సలహాలకు లెక్కే లేదు. ఇండియా నుంచి ఎవరు వస్తున్నా పెట్టెలో ఏదో ఒక పొడి ఉండేది.

మా ఇంట్లో ఉదయం తలా ఒక గ్లాసు కషాయం. మా వారు మొహం చిట్లించుకుని తాగేవారు. మేమూ తాగాము. గుంటూరు వైద్య కళాశాలలో చదివి వచ్చినవారు ఎందుకు తాగారని అడుగుతారేమో. ఒకటి, అది అత్తగారు ప్రేమతో కాచి ఇచ్చిన గ్లాసు. రెండు, ఆసుపత్రిలో పన్నెండు గంటలు మాస్కు వెనకాల పనిచేసి వచ్చిన మనిషికి ఎవరైనా ఏదైనా చేసిపెడితే అదే కొండంత బలం. మూడు, “మంచి చెయ్యకపోతే పోనీ, చెడు చెయ్యదు గదా” అనుకున్నాము. ఆ మూడో మాట మీదనే ఈ వ్యాసం.

నెల తిరిగేసరికి మేమూ మా వారూ డ్యూటీల వంక చెప్పి మానేశాము. అత్తగారు మానలేదు. ఏప్రిల్‌లో మన ఊళ్ళల్లో రెండో విడత కోవిడ్ విరుచుకుపడింది. ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి ఇండియా ప్రయాణీకులను ఇక్కడికి రానివ్వడం ఆపేశారు. ఆవిడ చెల్లెలు అప్పుడు గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నారు. ఈవిడ ఇక్కడ ఫోను పట్టుకుని కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఉదయం ఒక గ్లాసు తాగేవారు కాస్తా సాయంత్రం కూడా తాగడం మొదలుపెట్టారు. భయం వేసినప్పుడు మనిషి ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేడు. చెల్లెలుగారు బతికి బయటపడ్డారు. కాని మే నెలాఖరుకు మా అత్తగారు అన్నం దగ్గర కూర్చుని లేచిపోవడం, పోపు వాసనకే కడుపులో తిప్పుతోందనడం చూశాము. ఉపవాసాల నీరసమనుకున్నాము. ఒకరోజు బాల్కనీ వెలుతురులో ఆవిడ కళ్ళు చూసి మా గుండె ఆగినంత పనైంది. పసుపు ముద్దల్లా ఉన్నాయి.

రక్తపరీక్షలో ఎస్.జి.పి.టి. వెయ్యి దాటింది. సాధారణంగా అది 40 లోపు ఉండాలి. బిలిరుబిన్ తొమ్మిది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, బి, సి, ఇ వైరసులలో ఏదీ లేదు. స్కానింగులో రాళ్ళు లేవు. “మందులేమైనా వాడుతున్నారా అమ్మా?” అని అక్కడి డాక్టరు అడిగారు. “థైరాయిడ్ మాత్ర ఒక్కటే” అన్నారావిడ. పక్కనే నిలబడిన మేమూ అదే అన్నాము. పది రోజులు ఆసుపత్రిలో ఉండగా ఎస్.జి.పి.టి. సగానికి దిగింది. కారణం తేలకుండానే ఇంటికి పంపారు. తెనాలి నుంచి బంధువులు ఫోన్ చేసి నేలఉసిరి పసరు పట్టించమన్నారు. దానికి మాత్రం ఖచ్చితంగా వద్దన్నాము. పెద్ద జాగ్రత్త పడ్డామనుకున్నాము.

రెండు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే ఎస్.జి.పి.టి. మొదటికంటె ఎక్కువ ఉంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఐదింటికి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో కలియబెడుతున్నారు.

“అత్తయ్యా, ఇది ఇంకా తాగుతున్నారా?”

“ఆసుపత్రిలో కుదరక పది రోజులు మానేశానమ్మా. అందుకే ఈ నీరసం తగ్గడంలేదు.”

“మరి డాక్టరుగారు అడిగినప్పుడు చెప్పలేదేం?”

“మందులేమైనా వాడుతున్నారా అన్నారు. ఇది మందెందుకవుతుందే, కషాయం గదా!”

ఆవిడ తప్పేమీ లేదు. అడిగిన ప్రశ్నకు నిజమే చెప్పారు. తప్పు మాది. రోజూ కళ్ళెదుట కనిపించే గ్లాసును మేము చూడలేదు. చూసినా అడిగేవారమా అంటే సందేహమే. కోడలు డాక్టరైనా కోడలే. పెద్దావిడ పొద్దున్నే తాగే గ్లాసును పట్టుకుని ఇదేమిటి, ఎందుకు అని అడగడం మర్యాద కాదనుకునే ఇళ్ళలోనే మనమంతా పెరిగాము.

ఇక్కడ కథ ఆపి ఒక విషయం చెప్పుకోవాలి. అసలు ఈ రోగనిరోధక శక్తి అనేది ఏమిటి? దాన్ని పెంచడమంటే ఏమిటి?

మన బిల్డింగుల్లో నాతూర్ ఉంటాడు గదా. మంచి నాతూర్ గొప్పతనం ఎక్కడుంది? గట్టిగా కొట్టడంలో లేదు. ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో గుర్తుపట్టడంలో ఉంది. మన ఒంట్లో తెల్లకణాలు చేసే పనీ అదే. ప్రతి కణం పైనా ఎమిరేట్స్ ఐడీ లాంటి ఒక గుర్తింపు ముద్ర ఉంటుంది. తెల్లకణాలు ఆ ముద్రను తడిమి చూస్తాయి. మనదైతే వదిలేస్తాయి. పరాయిదైతే, మనదే అయినా వైరసు చేరి పాడైపోయినదైతే పట్టుకుంటాయి. చిన్నప్పుడే రొమ్ము ఎముక వెనకనున్న థైమస్ గ్రంథిలో వీటిలో ఒక రకానికి శిక్షణ జరుగుతుంది. సొంత ఒంటిమీదికే పోయే స్వభావం ఉన్నవాటిని చాలామటుకు అక్కడే ఏరివేస్తారు. తప్పించుకుని బయటపడినవాటిని అదుపులో పెట్టడానికి వేరే కణాలు ఉంటాయి. అంటే ఒంట్లో కాపలావాళ్ళూ ఉన్నారు, వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ సమానంగా ఉంటేనే ఆరోగ్యం.

ఇప్పుడు ఆ నాతూర్‌కి రోజూ నాలుగు గ్లాసుల కరక్ చాయ్ పట్టించి “దొంగలొస్తున్నారు, దొంగలొస్తున్నారు” అని చెవిలో నూరిపోశామనుకోండి. నిద్రపోకుండా తిరుగుతాడు, నిజమే. కాని రెండో అంతస్తు అబ్బాయి నైట్ డ్యూటీ దిగి వస్తే వాడినీ పట్టుకుని నాలుగు తగిలిస్తాడు. సొంత ఒంటిమీద సొంత కాపలా తిరగబడే ఇలాంటి జబ్బులను ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. కీళ్ళవాతంలో ఒక రకం, లూపస్, సోరియాసిస్, చిన్నపిల్లల్లో వచ్చే చక్కెర వ్యాధి ఈ కోవలోవే. మనలో చాలామంది స్త్రీలు వాడే థైరాయిడ్ మాత్ర వెనక కూడా తరచు ఇదే ఉంటుంది. జపాన్ దేశపు హషిమోటో అనే డాక్టరు 1912లో మొదట వర్ణించిన ఆ జబ్బులో తెల్లకణాలు థైరాయిడ్ గ్రంథిని మెల్లమెల్లగా తినేస్తాయి. పదేళ్ళుగా మాత్ర వేసుకుంటూ కూడా ఈ సంగతి తెలియనివారు మనలో ఎందరో ఉన్నారు. మా అత్తగారికీ తెలియదు. చెప్పాలని మాకూ తోచలేదు.

ఇంకో చిత్రం వినండి. మేము ఇంట్లో శక్తి పెంచే కషాయం తాగి ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ కోవిడ్ ముదిరినవారికి శక్తి తగ్గించే మందు ఇచ్చేవాళ్ళం. ఇంగ్లండులో జరిగిన రికవరీ అనే పరిశోధన ఫలితాలు 2020 జూన్‌లో వచ్చాయి. డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ వల్ల వెంటిలేటరు మీద ఉన్న రోగులలో మరణాలు మూడింట ఒక వంతు తగ్గాయి. ఆ మందు చేసే పని రోగనిరోధక వ్యవస్థ ఉధృతిని అణచడమే. ఆ దశలో రోగి ఊపిరితిత్తులను వైరసుకంటె సొంత కాపలావాళ్ళే ఎక్కువ పాడుచేస్తున్నారన్నమాట. ఆక్సిజన్ అవసరంలేని తేలికపాటి రోగులకు అదే మందువల్ల మేలు కనబడలేదు. కాబట్టి కాపలాను ఎప్పుడూ పెంచడమే మంచిదన్నది సరికాదు. ఎవరిలో, ఎప్పుడు, ఎంత అన్నదే ప్రశ్న.

మరి తిప్పతీగలో ఏమీ లేదా అంటే, ఉంది. ఉండబట్టే ఈ గొడవంతా. శాస్త్రంలో దాన్ని గుడూచి అనీ అమృత అనీ అంటారు. వృక్షశాస్త్రంలో టినోస్పోరా కార్డిఫోలియా, అంటే హృదయాకారపు ఆకు గలది. దాని కాండంలోని కొన్ని పదార్థాలు పరాయి క్రిములను మింగే పెద్ద తెల్లకణాలను ఉత్తేజపరుస్తాయని ప్రయోగశాలలలో చూశారు. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యులు దీనిమీద ఏళ్ళతరబడి పనిచేశారు. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మంది రోగులమీద చేసిన పరిశోధనను 1993లో ప్రచురించారు. ఆపరేషనుకు ముందు మామూలు చికిత్సతోపాటు తిప్పతీగ ఇచ్చినవారు ఇవ్వనివారికంటె మెరుగ్గా కోలుకున్నారు. చిన్న పరిశోధనే, అయినా కొట్టిపారేసేది కాదు. ఆ రోగులు ఒక ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్ళముందు, ఒక ఫలానా జబ్బుకు, కొలిచిన మోతాదులో, కొద్దికాలం తీసుకున్నారు.

మా అత్తగారు మంచమెక్కిన రెండు నెలలకు, 2021 జులైలో, అదే బొంబాయి నుంచి మరో నివేదిక వచ్చింది. లివర్ వైద్య నిపుణులు 2020 సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య తమ దగ్గరకు కామెర్లతో వచ్చిన ఆరుగురి గురించి వ్రాశారు. ఆరుగురూ తిప్పతీగ వాడినవారే. లివర్ ముక్క తీసి పరీక్ష చేస్తే సొంత తెల్లకణాలు లివర్ మీద దాడి చేసినట్టు కనబడింది. ఆ నివేదిక చదువుతూంటే మా ఇంటి కథే ఎవరో వ్రాసినట్టనిపించింది. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి ఇలాంటి 43 మంది వివరాలు ప్రచురించారు. ఆ పనికి ముందు నిలిచినవారు మన హైదరాబాదు ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులు. ఆ రోగులలో ఎక్కువగా కనిపించిన పాత జబ్బులు థైరాయిడ్ లోపం, చక్కెర వ్యాధి. చాలామంది కోలుకున్నారు గాని అందరూ కోలుకోలేదు. కొందరు చనిపోయారు.

రెండో పక్షం మాట కూడా చెప్పడం ధర్మం. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నివేదికను ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమైనదనీ, రోగులు వాడినదేమిటో సరిగా పరీక్షించలేదనీ, దానిలాగే కనిపించే టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగను పొరపాటున వాడి ఉండవచ్చనీ చెప్పింది. ఆ రెండో తీగ కాండం నిండా బుడిపెలుంటాయి. దానివల్ల లివర్ దెబ్బతిన్న సంగతి వైద్యులకు ముందే తెలుసు. ఇందులో నిజం లేకపోలేదు. కాని మన గృహిణుల వైపు నుంచి ఆలోచించండి. డబ్బాలో ఉన్నది పొడి. పొడికి బుడిపెలు కనబడతాయా, ఆకు ఆకారం కనబడుతుందా? అసలు తీగే హాని చేసినా, తప్పు తీగ హాని చేసినా, పేరు వ్రాయని డబ్బాలోని పొడిని నెలల తరబడి తాగిన మనిషికి తేడా ఏముంది?

మా అత్తగారి విషయానికి వద్దాము. కషాయం మాన్పించాము. లివర్ నిపుణుల సలహామీద చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాము. సొంత తెల్లకణాల దాడిలాగే ఉందన్నారు. కొన్నాళ్ళు స్టెరాయిడ్ మాత్రలు, వారం వారం రక్తపరీక్షలు. అక్టోబరు నాటికి అన్నీ మామూలయ్యాయి. తర్వాత స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి ఆపేసినా జబ్బు తిరగబెట్టలేదు. ఆపితే తగ్గడం, మళ్ళీ తాగితే పెరగడం, మళ్ళీ ఆపితే తగ్గడం చూశాము గనుక కషాయంవల్లనే అని మా గట్టి నమ్మకం. అయితే అందులో ఉన్నది ఏ తీగో మేము ప్రమాణం చేసి చెప్పలేము. కంగారులో ఆ డబ్బా ఖాళీ చేసి కడిగేశాము. పరీక్షకు చిటికెడు పొడి కూడా మిగల్చలేదు. అది మా రెండో తప్పు.

ఒకే గిన్నెలో కాచిన కషాయం ముగ్గురం తాగాము. ఇద్దరికి ఏమీ కాలేదు. మేము తాగింది నెల రోజులే, ఆవిడ తాగింది నాలుగు నెలలకు పైన, అదొక తేడా. ఒంట్లో కాపలావాళ్ళు ఆవిడ థైరాయిడ్ మీదికి అప్పటికే తిరగబడి ఉండడం రెండో తేడా. “మా పక్కింటివారు ఏడాదినుంచి తాగుతున్నారు, రాయిలా ఉన్నారు” అని ఎవరైనా అంటే అది నిజమే కావచ్చు. వారి ఒళ్ళు వేరు, మన ఒళ్ళు వేరు. థైరాయిడ్ మాత్ర వేసుకునే ప్రతివారికీ తిప్పతీగతో కామెర్లు వస్తాయనీ మేము అనడంలేదు. రావడం అరుదే. కాని ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు.

ఒక్క తిప్పతీగను నిందించడం న్యాయం కాదు. పసుపు సంగతే చూడండి. పప్పులో, పులిహోరలో వేసే పసుపులో అధికభాగం ఒంటికి పట్టకుండానే పోతుంది. బెంగుళూరు పరిశోధకులు 1998లో ఒక సంగతి చూపించారు. మిరియాలలోని ఘాటు పదార్థం కలిపితే పసుపులోని కుర్కుమిన్ రక్తంలోకి ఎక్కడం 20 రెట్లు పెరిగింది. అప్పటినుంచి రెండూ కలిపిన గొట్టం మాత్రలు బజారులోకి వచ్చాయి. అమెరికాలో లివర్ వైద్యులు పసుపు మాత్రలవల్ల లివర్ దెబ్బతిన్న పదిమంది వివరాలు 2023లో ప్రచురించారు. వారిలో ఏడుగురికి తెల్లకణాల గుర్తింపు ముద్రలలో ఒకే రకం ముద్ర ఉంది. ఇందాక చెప్పిన ఐడీ కార్డు అదే. ఆ ముద్ర ఉన్నవారి కాపలావాళ్ళు ఎందుకో ఈ పదార్థాన్ని చూసి రెచ్చిపోతున్నారు. అశ్వగంధవల్ల లివర్ దెబ్బతిన్న ఐదుగురి గురించి ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు 2020లో వ్రాశారు. వంటింటి పసుపు మానమని ఎవరూ అనడంలేదు. కూరలో చిటికెడు పసుపు వేరు, డబ్బా మీద అంకెలు వేసి అమ్మే మాత్ర వేరు.

కిడ్నీయో లివరో మార్పిడి చేయించుకుని ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవారు కొందరున్నారు. వారికి ప్రత్యేకంగా ఒక మాట. కొత్త అవయవాన్ని పరాయిదిగా పట్టుకోకుండా మీ కాపలావాళ్ళను మందులతో నిద్రపుచ్చి ఉంచారు. వాళ్ళను లేపే ఏ కషాయమూ మీకు పనికిరాదు. పైగా కొన్ని మూలికలు ఆ మందును లివర్‌లో త్వరగా ఖర్చు చేయిస్తాయి. స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో గుండెమార్పిడి జరిగిన ఇద్దరు రోగులు దిగులు తగ్గడానికని సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక వాడారు. సైక్లోస్పోరిన్ మందు రక్తంలో పడిపోయి, కొత్త గుండెలను ఒళ్ళు తిరస్కరించడం మొదలుపెట్టింది. 2000 సంవత్సరంలో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి వచ్చింది. ఆ మూలిక ఏ విషమూ కాదు, దిగులుకు యూరపులో బాగా వాడుకలో ఉన్నదే.

ఇక్కడి దేరా మసాలా సూక్‌లో అమ్మే నల్లజీలకర్రకు, అంటే అరబ్బులు గౌరవంగా హబ్బతుల్ బరకా అని పిలిచే గింజలకు కూడా ఈ మాటే వర్తిస్తుంది. రొట్టె మీద చల్లుకుంటే రుచి. నూనె తీసి చెంచాలకొద్దీ తాగితే చక్కెరనూ రక్తపోటునూ కొంత తగ్గించవచ్చు. ఆ జబ్బులకు అప్పటికే మాత్రలు వేసుకుంటున్నవారికి రెండూ కలిసి ఎక్కువ కావచ్చు.

ఇంటినుంచి తెచ్చే పొడుల విషయంలో మరొక ప్రమాదం సీసం, పాదరసం. అమెరికాలో బోస్టన్ నగర దుకాణాలలో అమ్ముతున్న 70 ఆయుర్వేద సరుకులను పరీక్షిస్తే 14 సరుకులలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో తేలింది. దుకాణంలో పేరు అంటించి అమ్మినవాటి గతి అది.

మరి ఏం చేయాలి? మా అత్తగారి కథనుంచి మేము నేర్చుకున్నవి ఇవి.

ఒకటి. డాక్టరు “మందులేమైనా వాడుతున్నారా” అని అడిగితే కషాయం, పొడి, లేహ్యం, పసరు, గొట్టం మాత్ర అన్నీ చెప్పండి. ఇండియా నుంచి వచ్చినది, సూక్‌లో కొన్నది, పక్కింటివారు ఇచ్చినది ఏదైనా సరే. డబ్బా వెంట తీసుకువెళ్ళండి. అడగకపోయినా మీరే చెప్పండి. ఆ సంఘటన తర్వాత మేము మా రోగులను అడిగే ప్రశ్న మార్చుకున్నాము. “పొద్దున లేచింది మొదలు నోట్లో ఏమేం వేసుకుంటారో చెప్పండి” అంటున్నాము. వచ్చే జవాబులు వింటే ఆశ్చర్యం వేస్తుంది.

రెండు. థైరాయిడ్ లోపం, కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్, లివర్ జబ్బు ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, గర్భిణులు, పసిపిల్లలు ఇమ్యూనిటీ పేరుతో అమ్మే ఏ సరుకునూ సొంతంగా మొదలుపెట్టవద్దు.

మూడు. ఆయుర్వేదం మీద గురి ఉంటే ఆయుర్వేద వైద్యుని దగ్గరకే వెళ్ళండి. ఈ దేశంలో వారికి ప్రభుత్వ లైసెన్సు ఉంటుంది. వైద్యుడు నాడి చూసి, మనిషిని చూసి, ఇన్ని రోజులని చెప్పి ఇస్తాడు. ఫోనులో వచ్చే సలహాకు ఇవేవీ ఉండవు.

నాలుగు. ఏ మూలిక వాడుతూ ఉన్నా ఆకలి చచ్చిపోవడం, వికారం, ఒంటి దురద, మూత్రం ముదురు పసుపు కావడం, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే ఆ రోజే మూలిక ఆపి రక్తపరీక్ష చేయించుకోండి. మిగిలిన పొడి పారేయకుండా దాచండి.

ఐదు. కాపలావాడికి నిజంగా పనికొచ్చేది దొంగ ఫోటో. టీకా చేసే పని అదే. ఊరికే రెచ్చగొట్టదు, ఫలానావాడిని గుర్తుపట్టడం నేర్పుతుంది. పిల్లలకు ఫ్లూ టీకా వేయించండి. వేళకు నిద్ర, తిండి, కాస్త ఎండ అవసరం. ఇంత ఎండ ఉన్న దేశంలో ఉండి కూడా ఏసీ గదులు వదలక డి విటమిన్ తక్కువైనవారిని రోజూ చూస్తున్నాము. బడికి వెళ్ళే చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే. అది శక్తి లేక కాదు, వాళ్ళ కాపలావాళ్ళు బడిలో పాఠాలు నేర్చుకుంటున్నారంతే.

వనభోజనాలలో అడిగిన నలుగురు సోదరీమణులకూ ఇదే మా జవాబు. శొంఠి, మిరియాలు, తులసి వేసి గొంతు నొప్పికి ఒకటి రెండు రోజులు పలుచని కషాయం ఇస్తే పెద్దవాళ్ళకు హాయిగానే ఉంటుంది. మేమూ తాగుతాము. ఇమ్యూనిటీ కోసమని నెలల తరబడి మాత్రం వద్దు.

మా అత్తగారు ఇప్పుడు తెనాలిలో హాయిగా ఉన్నారు. ఈ వ్యాసం వ్రాయడానికి ఫోనులో అనుమతి అడిగితే “నా పేరు వెయ్యకు, తిప్పతీగ పేరు వెయ్యి” అన్నారు. అలాగే చేశాము. ఊళ్ళో ఎవరైనా తిప్పతీగ గురించి అడిగితే ఆవిడ ముందు “నీకు థైరాయిడ్ ఉందా?” అని అడిగి, ఆ తర్వాతే మాట్లాడుతున్నారట. షార్జాలో పెద్ద ఆసుపత్రిలో మేమెవరమూ అడగని ప్రశ్నను ఆవిడ తెనాలి వీధి అరుగు మీద కూర్చుని అడుగుతున్నారు.

వచ్చే నెల ఈ పేజీలో చిన్నపిల్లల దగ్గు మందుల గురించి చెప్పుకుందాము. ఈలోగా మీ ఇంట్లో పెద్దవారు పొద్దున్నే తాగే గ్లాసులో ఏముందో ఒకసారి నెమ్మదిగా, ప్రేమగా అడిగి చూడండి.